2 గంటల పనికి 17 రోజులు పట్టింది, మీరంతా అంచనాలు ఎలా వేస్తున్నారు?

నిద్రలేని_కోడర్ · గురువారం రాత్రి 11:42

ముందే చెప్తున్నా, కొంచెం పెద్ద పోస్టు, కొంచెం ఏడుపు కూడా. మాదాపూర్‌లో చిన్న కంపెనీ, టీమ్‌లో నాతో కలిపి ఐదుగురం. ఒక విద్యాసంస్థకి ఫీజులు కట్టే యాప్ చేశాం. నేను 6 వారాలు అన్నాను, 14 వారాలు పట్టింది. ఎవరూ ఖాళీగా కూర్చోలేదు, ఇద్దరు ఆదివారాలు కూడా వచ్చి పనిచేశారు, అయినా పట్టింది.

నిన్న పాత ఎక్సెల్ షీటు తీసి ఎక్కడ తేడా కొట్టిందా అని వరుసగా చూసుకుంటూ పోతే ఒక చోట నాకే నవ్వొచ్చింది. "లాగిన్ ఓటీపీ: 2 గంటలు" అని ఉంది. కోడ్ రాయడానికి నిజంగా రెండు గంటలే పట్టింది, కాస్త ముందే అయిపోయింది కూడా. కానీ ఆ ఓటీపీ ఒక మామూలు ఫోన్‌లోకి వచ్చి పడటానికి 17 రోజులు పట్టింది. మెసేజ్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల పోర్టల్‌లో సంస్థ పేరు, హెడర్ (పంపినవాళ్ల పేరుగా ఫోన్‌లో కనిపించేది), మెసేజ్ టెంప్లేట్ అన్నీ రిజిస్టర్ చేయించాలి కదా. దానికి క్లయింటు పాన్ కార్డు కాపీ, లెటర్‌హెడ్ మీద సంతకం కావాలన్నారు. సంతకం పెట్టాల్సిన పెద్దాయన సంక్రాంతికి ఊరెళ్లారు, కనుమ అయ్యాక కూడా రాలేదు. వచ్చి పెట్టాక టెంప్లేట్ ఒకసారి తిరిగొచ్చింది. రెండోసారి ఓకే అయ్యింది, అయినా మెసేజ్ వెళ్లదు. రోజున్నర తల పట్టుకుంటే తేలింది ఏంటంటే, రిజిస్టర్ చేసిన టెంప్లేట్ చివర ఒక చుక్క ఉంది, మా కోడ్‌లో ఆ చుక్క లేదు.

ఇప్పుడు అదే సంస్థకి హాస్టల్, బస్సుల లెక్కల కోసం రెండో ప్రాజెక్టు. సోమవారం పొద్దున్న ఎన్ని వారాలో చెప్పమన్నారు. మా మేనేజర్ "ఈసారి మాత్రం కరెక్టుగా చెప్పు" అన్నారు. ఇంకా జరగని పనికి కరెక్టు అంటే ఏంటో నాకు అర్థం కావట్లేదు. మీరెలా చేస్తారు? సాఫ్ట్‌వేర్ వాళ్లే చెప్పాలని లేదు.


అడ్డదారి · గురువారం రాత్రి 11:50

ఒకటికి మూడు చెప్పు తమ్ముడూ. ఆరు అనిపిస్తే పద్దెనిమిది. ముందే అయిపోతే హీరోవి. ఇక థ్రెడ్‌కి తాళం వేసుకోవచ్చు.


డాలస్_దారి · శుక్రవారం ఉదయం 6:15

అడ్డదారి గారూ, ఆ చిట్కా ఒక్కసారి పనిచేస్తుంది. నేను పదకొండేళ్లుగా ఇక్కడ ప్రాజెక్టులు చూస్తున్నాను. నేను 10 వారాలు అంటే మా పైవాడు "వీడు ఎప్పుడూ కలుపుకునే చెప్తాడు" అని 6 చేస్తాడు. అది తెలుసు కాబట్టి తర్వాతిసారి నేను 16 అంటాను, ఆ సంగతి ఆయనకీ తెలుసు కాబట్టి 8 అంటాడు. లాడ్‌బజార్‌లో గాజుల బేరం లాగే ఉంటుంది, కాకపోతే అక్కడ కనీసం అమ్మేవాడికి అసలు ధర తెలుసు. ఇక్కడ ఇద్దరికీ తెలియదు.

నేను వాడేది పాత పద్ధతే, పెర్ట్. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం తయారుచేసుకున్నారు. ప్రతి పనికీ మూడు అంకెలు అడుగుతాను. అన్నీ కలిసొస్తే ఎంత, మామూలుగా ఎంత, అన్నీ అడ్డం తిరిగితే ఎంత. మధ్యదాన్ని నాలుగుతో హెచ్చించి మిగతా రెండూ కలిపి ఆరుతో భాగించడమే. ఉదాహరణకి 3 రోజులు, 5 రోజులు, 16 రోజులు అనుకో. 3, 20, 16 కలిపితే 39, ఆరుతో భాగిస్తే ఆరున్నర రోజులు. నువ్వు ఊరికే అడిగితే "ఐదు" అనేవాడివి. ప్రతి పనికీ ఆ ఒకటిన్నర రోజు తేడా వేసుకుంటూ ఓ 40 పనులు కలుపు, ఎక్కడికి వెళ్తుందో చూడు.


క్వాలిటీ_పిన్ని · శుక్రవారం ఉదయం 9:05

సూత్రం బాగానే ఉంది గానీ, ఆ "అన్నీ అడ్డం తిరిగితే" అనే అంకె దగ్గరే మనవాళ్లకి ఊహ చాలదు. 5 రోజుల పనికి "మహా అయితే 7" అంటారు. ఓటీపీకి ఈ అబ్బాయిని అడిగి ఉంటే మహా అయితే ఒక రోజు అనేవాడు. పెద్దాయన, సంక్రాంతి, చుక్క ఏ లెక్కలోనూ వచ్చేవి కావు.


సిమెంటు_బాబాయ్ · శుక్రవారం మధ్యాహ్నం 1:30

అన్నం తిని చూస్తున్నాను, ఈ థ్రెడ్ మా సైట్ కబుర్లలాగే ఉంది. నాది భీమవరం దగ్గర, ఇళ్లు కట్టించే పని, 24 ఏళ్లు. ఇల్లు కట్టి చూడు పెళ్లి చేసి చూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ రెండింట్లోనూ అంచనా తప్పడం గ్యారంటీ.

ఇంటివాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది, "స్లాబ్ ఎన్ని రోజులు బాబాయ్?" అని. స్లాబ్ వేయడం ఒక్క రోజే బాబూ. తెల్లారి ఆరింటికి కొబ్బరికాయ కొట్టి మిల్లర్ తిప్పితే సాయంత్రం నాలుగైదింటికి మేస్త్రీ చేతులు కడుక్కుంటాడు. కానీ దానికి ముందు సెంట్రింగ్ కొట్టడానికి వారం, రాడ్ కట్టడానికి మూడు నాలుగు రోజులు, ఎలక్ట్రీషియన్ పైపులు పరచడం అర రోజు. ఆ అర రోజు పని చేసే మనిషి రావడానికి మాత్రం రెండు రోజులు, ఎందుకంటే అతనికి ఇంకో నాలుగు సైట్లు ఉంటాయి. వేశాక గట్లు కట్టి నీళ్లు నిలపాలి, ఇప్పుడు వాడేది ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిసిన సిమెంటు కాబట్టి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. కింద సపోర్టులు తీయడానికి కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 కోడ్‌లో లెక్క ఉంది, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ అయితే 7 రోజులు, అంతకంటే పొడుగైతే 14. ఆరు మీటర్లు దాటిన బీములకి 21. అన్ని రోజులూ ఇల్లంతా సరుగుడు తోటలా కర్రలతో నిండి ఉంటుంది, లోపల గోడ పని పెట్టలేం. ఇంటాయన రోజూ సాయంత్రం స్కూటర్ మీద వచ్చి "ఏంటి బాబాయ్ పని ఆగిపోయింది" అంటాడు. పని ఆగలేదయ్యా, కాంక్రీటు పని కాంక్రీటు చేసుకుంటోంది.

అందుకని నా నోట్‌బుక్‌లో పేజీకి మధ్యలో నిలువుగా గీత ఉంటుంది. ఎడమ పక్క "చేతి పని", కుడి పక్క "ఎదురుచూపు". స్లాబ్‌కి ఎడమ పక్క 12, కుడి పక్క 17 ఉంటుంది. మొదట్లో ఎడమ పక్కే కలిపి చెప్పేవాణ్ణి, తిట్లు తినేవాణ్ణి. ఇప్పుడు రెండూ కలిపి చెప్తాను, వర్షాకాలం అయితే ఇసుకకి ఇంకో వరుస రాస్తాను. గోదారికి వరదొస్తే రేవుల్లో ఇసుక తీయనివ్వరు, అప్పుడు నా మేస్త్రీలు నలుగురు ఉన్నా నలభై మంది ఉన్నా ఒకటే.

నీ ఓటీపీకి ఎడమ పక్క 2 గంటలు, కుడి పక్క 17 రోజులు. నువ్వు ఎడమ పక్క ఒక్కటే రాశావు, అంతే.


నిద్రలేని_కోడర్ · శుక్రవారం మధ్యాహ్నం 3:10

బాబాయ్, ఆఫీసులో కూర్చుని మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇప్పుడే పాత షీటుకి ఆ గీత గీసి చూశాను. చేతి పని అంతా కలిపితే దాదాపు 8 వారాలు వస్తోంది. మిగతా 6 వారాలు ఎదురుచూపే. పేమెంట్ గేట్‌వే కేవైసీ, పాత ఫీజుల డేటా పంపుతామని పంపకపోవడం, రంగులు ఓకే చెయ్యడానికి వాళ్ల కమిటీ కూర్చోకపోవడం, ఇవన్నీ. అంటే నేను మరీ అంత దారుణంగా ఏమీ వేయలేదు!


క్వాలిటీ_పిన్ని · శుక్రవారం మధ్యాహ్నం 3:38

అంత సంబరపడకు బాబూ. 6 అన్నది 8 అయింది కదా, ఆ రెండు వారాలు ఎవరి ఖాతాలో వేస్తావు? నీ షీటులో ఎన్ని వరుసలు ఉన్నాయో, అందులో పాత డేటా సరిచేయడానికి వరుస ఉందో లేదో చెప్పు. తప్పులు దిద్దడానికి ఉందా? వాళ్ల ఆఫీసు క్లర్కుకి నేర్పించడానికి?


నిద్రలేని_కోడర్ · శుక్రవారం మధ్యాహ్నం 3:52

31 వరుసలు. డేటాకి లేదు పిన్నీ. తప్పులకి "టెస్టింగ్: 3 రోజులు" అని ఒకటి ఉంది. నేర్పించడం అసలు గుర్తే లేదు.


క్వాలిటీ_పిన్ని · శుక్రవారం సాయంత్రం 5:20

అదీ సంగతి. నేను పుణెలో టెస్టింగ్‌లో 14 ఏళ్లుగా ఉన్నా, నేను చూసిన ప్రతి షీటులోనూ ఇదే. ఉన్న వరుసల్లో అంకెలు మరీ తప్పు ఉండవు. లేని వరుసలే ముంచుతాయి. రాయని పనికి నువ్వు వేసిన అంచనా సున్నా గంటలు, గుర్తుపెట్టుకో.

ఒకసారి ఒక ఆసుపత్రి బిల్లుల ప్రాజెక్టులో పాత పేషెంట్ల జాబితా ఎక్కించాలి, "దిగుమతి: అర రోజు" అని రాశారు మా వాళ్లు. ఫైలు తెరిస్తే ఒకే మనిషి మూడు స్పెల్లింగులతో మూడు చోట్ల ఉన్నాడు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఇంటిపేరే లేదు. ఫోన్ నంబరు గడిలో "అల్లుడి నంబరు" అని రాసి పది అంకెలు. అర రోజు పని నేనూ ఇంకో అమ్మాయీ కూర్చుని తొమ్మిది రోజులు చేశాం. ఇప్పుడు నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, అంచనా వేసే ముందు అసలు ఫైలు ఒక్కటి తెరిచి చూడండి. మొదటి 50 వరుసలు చూస్తే చాలు.

"టెస్టింగ్ 3 రోజులు" అనేది ఇంకో గమ్మత్తు. టెస్టింగ్ అంటే నేను తప్పులు పట్టుకోవడం. పట్టుకున్నాక మీరు దిద్దాలి, నేను మళ్లీ చూడాలి, అది ఇంకోదాన్ని పాడుచేసి ఉంటుంది, అదీ చూడాలి. "90 శాతం అయిపోయింది" అని చెప్పిన ప్రాజెక్టులకి ముందుంది ముసళ్ల పండగ.


పడుగుపేక · శుక్రవారం రాత్రి 8:45

మాది పోచంపల్లి పక్కన ఊరు. నేను బ్యాంకులో చేస్తాను కానీ ఇంట్లో మగ్గాలు ఉన్నాయి, నాయిన ఇంకా నేస్తాడు. బాబాయ్ చెప్పింది చదివితే మా ఇల్లే గుర్తొచ్చింది.

ఇక్కత్‌లో నేత కంటే ముందు పనే ఎక్కువ. నూలుకి డిజైన్ ప్రకారం కట్లు కట్టాలి, ఒక రంగు అద్దాలి, ఆరబెట్టాలి, కట్లు విప్పి వేరే చోట కట్టి ఇంకో రంగు అద్దాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. చూసేవాళ్లకి మగ్గం మీద నేసేదే పని అనిపిస్తుంది. వర్షాకాలంలో గుంత మగ్గం అయితే నేలలోంచి చెమ్మ ఎక్కుతుంది, నీళ్లు ఊరితే మొత్తం ఆగిపోతుంది, నూలు ఆరదు.

అసలు చెప్పాలనుకున్నది వేరే. సేటు వచ్చి "ఎన్ని దినాలు పడుతది?" అంటే మా నాయిన డిజైన్ కాగితం చూసి లెక్కలు వేయడు. "పోయినసారి ఇసొంటిదే దసరాకి ముందు ఎక్కించినం, దీపావళి దాటినంక దిగింది. ఇది గూడ గంతే" అంటాడు. సేటు "లేదు, ఈసారి తొందరగా" అంటే నవ్వి ఊరుకుంటాడు. కొత్త డిజైన్ అయితే తేదీ చెప్పనే చెప్పడు. మొదటి చీర కోసినాక అడుగు అంటాడు. నేను ఎంబీఏ చదివిన కొత్తలో ఆయనకి గంటల లెక్క నేర్పబోయాను, ముడికి ఎంతసేపు, ఎన్ని ముడులు అని. నా లెక్క 19 రోజులు వచ్చింది, ఆయన లెక్క నెలన్నర. దిగింది 41 రోజులకి.


డాలస్_దారి · శుక్రవారం రాత్రి 10:30

పడుగుపేక గారూ, మీ నాన్నగారు చేసే పని కోసం మనస్తత్వశాస్త్రంలో ఓ సిద్ధాంతమే ఉంది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో రాశారు. మనిషి పనిని లోపల నుంచి చూస్తూ అంచనా వేస్తాడు, అంటే అడుగు అడుగూ ఊహించుకుంటూ. ఆ ఊహలో అన్నీ సాఫీగానే జరుగుతాయి. దాని బదులు బయట నుంచి చూసి, ఇలాంటి పనులు ఇంతకు ముందు ఎంత పట్టాయి అని అడగాలి.

తమాషా ఏంటంటే కానెమన్‌కే ఇది జరిగింది. ఇజ్రాయెల్‌లో ఒక పాఠ్యపుస్తకం రాసే టీమ్‌లో ఉండగా అందరినీ చీటీల మీద అంచనా రాయమన్నాడు. అంతా రెండేళ్లకి అటూ ఇటూగా రాశారు. తర్వాత వాళ్లలోనే ఉన్న పాఠ్యప్రణాళిక నిపుణుణ్ణి "ఇలాంటి టీమ్‌లు ఎంతకాలంలో పూర్తి చేశాయి?" అని అడిగితే, దాదాపు 40 శాతం అసలు పూర్తే చేయలేదు, చేసినవాళ్లకి 7 నుంచి 10 ఏళ్లు పట్టింది అన్నాడు. ఆ పెద్దమనిషి కూడా ఐదు నిమిషాల ముందు చీటీలో రెండేళ్ల చుట్టూనే రాశాడు. చివరికి పుస్తకం 8 ఏళ్లకి తయారైంది.

1994లో ఇంకో పరిశోధన. డిగ్రీ చివర్లో థీసిస్ రాసే విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులు అన్నారు, నిజంగా 55 పైన పట్టింది. పిన్నిగారు అన్న మాట ఇక్కడ చూడండి, "అన్నీ అడ్డం తిరిగితే ఎంత" అని అడిగితే చెప్పింది సగటున 49 లోపే. అంటే అడ్డం తిరిగిన లెక్క కూడా చాలలేదు. నా మూడంకెల పద్ధతికి ఇది పెద్ద దెబ్బే, ఒప్పుకుంటున్నాను.


అడ్డదారి · శనివారం ఉదయం 10:00

ఇదంతా చదివితే ఏ పనీ టైముకి అవ్వదని తేలింది. మరి రామేశ్వరం దగ్గర సముద్రం మీది పంబన్ రైలు వంతెన సంగతేంటి? 1964 డిసెంబర్ తుఫానుకి కొట్టుకుపోతే ఆరు నెలలు అన్నారు, రైల్వే పైవాళ్లు మూడు నెలలకి తగ్గించారు, ఇంజనీరు ఇ. శ్రీధరన్ 46 రోజుల్లో నిలబెట్టారు. గట్టిగా గడువు పెడితే పని అవుతుంది, ఈ ఎదురుచూపు కాలమ్‌లు అవీ పెడితే అందరూ ఎదురుచూస్తూనే కూర్చుంటారు. టైము ఎంత ఇస్తే పని అంత సాగుతుంది, ఇది కూడా సూత్రమే.


రైలుకట్ట · శనివారం మధ్యాహ్నం 12:20

రైల్వే ఇంజనీరింగ్‌లో 33 ఏళ్లు చేసి రిటైరయ్యాను, కాబట్టి దీనికి నేను జవాబివ్వాలి. 46 రోజులు నిజమే, అది మామూలు ఘనత కాదు. కానీ గడువు బిగించడం వల్లే అయిందని చదివితే కథ సగమే చదివినట్టు. కొట్టుకుపోయిన గర్డర్లకి, అంటే వంతెన దూలాలకి బదులు వేరేవి సమకూర్చుకుని అక్కడికి చేర్చడం చాలా కాలం పట్టే పని. సముద్రంలో పడ్డ గర్డర్లు దొరికాయి, వాటిని పైకి లేపి మళ్లీ వాడారు. అంటే బాబాయ్ నోట్‌బుక్‌లో కుడి పక్క ఉన్న పెద్ద అంకె మాయమైంది. గడువు తగ్గించిన రోజునే గర్డర్లు వాటంతట అవి తేలి రాలేదు కదా.

నేను చూసినదాన్ని బట్టి, పనివాణ్ణి తరిమితే ఎడమ పక్క పదో వంతు తగ్గుతుంది, అదీ రెండు వారాల పాటే. కుడి పక్కని తగ్గించాలంటే ఎవరో ఒకరు వెళ్లి ఆ సంతకం పెట్టే పెద్దాయన ఊళ్లో కూర్చోవాలి. అది మేనేజర్ పని. మా రోజుల్లో ఒక లెవెల్ క్రాసింగ్ కరెంటు లైను పక్కకి జరపడానికి నేనే కరెంటు వాళ్ల డివిజన్ ఆఫీసు ముందు టీ కొట్టులో మూడు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు వాళ్లే నన్ను చూడలేక ఫైలు కదిపారు.


అడ్డదారి · శనివారం మధ్యాహ్నం 12:31

సరే సార్, ఆ టీ కొట్టు పాయింటు ఒప్పుకుంటున్నా.


వంటింటి_లెక్క · శనివారం మధ్యాహ్నం 2:15

విజయవాడ, పెళ్లి భోజనాల కాంట్రాక్టు. మీ అందరికీ గడువు వెనక్కి జరుగుతుంది, మాకు జరగదు. ముహూర్తం తెల్లవారుజామున 4:12 అంటే 4:12. టిఫిన్లు ఆరింటికి పడాలి. కాబట్టి మేము "ఎంత టైము పడుతుంది" అని మొదలుపెట్టం, వెనక నుంచి లెక్కపెడతాం. ఆరింటికి పడాలంటే నాలుగున్నరకి ఇడ్లీ పాత్ర ఎక్కాలి, అంటే పిండి రాత్రి పదికల్లా రుబ్బి ఉండాలి, అంటే పప్పు సాయంత్రం ఐదింటికి నానాలి, అంటే సరుకు మధ్యాహ్నానికి దిగాలి. సరుకు దిగకపోతే ఆ సంగతి నాకు మధ్యాహ్నమే తెలుస్తుంది, ఆరింటికి కాదు.

మేము బేరం ఆడేది మెనూ మీద. పోయిన వైశాఖంలో ఒక పెద్దావిడ రెండు రోజుల ముందు ఫోన్ చేసి బొబ్బట్లు కూడా వేయమంది, 400 మందికి, అప్పటికప్పుడు కాల్చినవే కావాలంది. నా దగ్గర పెద్ద పెనాలు రెండు. మనుషుల్ని ఇంకో ఆరుగుర్ని పంపిస్తానంది. అమ్మా, పెనాలు రెండే ఉన్నప్పుడు ఆరుగురు కూర్చుని ఒత్తితే ఒత్తినవి ఎండిపోతాయి తప్ప కాలవు అన్నాను. బొబ్బట్లు కావాలంటే పూరీ తీసేయండి అన్నాను. కాసేపు అలిగింది, పూరీ తీసేసింది. ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపేవాళ్లంతా ఒకసారి నా వంటశాలకి రావాలి.

నిద్రలేని బాబూ, మీ క్లయింటుకి కదలని ముహూర్తం ఏదైనా ఉందా? అది ముందు అడుగు.


నిద్రలేని_కోడర్ · శనివారం సాయంత్రం 6:40

ఉంది. జూన్‌లో కాలేజీ తెరిచేటప్పటికి హాస్టల్ గదుల కేటాయింపు కావాలి. బస్సులు ఆ రోజుకి అక్కర్లేదు, పాస్‌లు జూలైలో ఇస్తారట. ఈ విషయం ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను, ఇన్ని రోజులూ ఎవరం అడగలేదు. మొత్తం ఒకే ముద్దగా "ఎన్ని వారాలు" అని మాత్రమే మాట్లాడుకుంటున్నాం.


కొత్తగా_చేరా · శనివారం రాత్రి 9:30

నాకొక డౌట్, నవ్వొద్దు. జాబ్‌లో చేరి ఎనిమిది నెలలు. పొద్దున్న మీటింగ్‌లో అందరి ముందు "ఇది ఎప్పటికవుతుంది?" అంటారు. నాకు తెలియదు. తెలియదు అంటే పని రాదనుకుంటారని భయం, నోట్లోంచి "ఈరోజు అయిపోతుంది సార్" అని వచ్చేస్తుంది. తర్వాత రాత్రి పదకొండు వరకు కూర్చుంటాను. ఏం చెప్పాలి?


క్వాలిటీ_పిన్ని · శనివారం రాత్రి 10:05

అమ్మా, ఆ "ఈరోజు అయిపోతుంది సార్" అనేది మన దేశంలో సగం ప్రాజెక్టుల మూలస్తంభం. సిగ్గుపడకు.

ఉత్త "తెలియదు" అని ఆపకు. "ఈ కోడ్ నేను ఇంతవరకు చూడలేదు, రేపు మధ్యాహ్నం వరకు చూసి, ఎన్ని రోజులో రేపు మూడింటికి చెప్తాను" అను. అప్పుడు నువ్వు తేదీ ఇచ్చావు, పనికి కాదు, అంచనాకి. నేను టెస్టర్‌ని అయినా ఈ మాట చెప్పిన పిల్లల మీద నమ్మకం పెరగడమే చూశాను. మూడింటికి చెప్పడం మాత్రం మర్చిపోకు.

ఇంకోటి, మీ లీడ్‌కి చెప్పి చీట్ల పద్ధతి పెట్టించండి. ప్లానింగ్ పోకర్ అంటారు, కార్డులు కొనక్కర్లేదు, చిత్తు కాగితాలు చాలు. ఒక పని చదివాక అందరూ అంకె రాసి ఒకేసారి తిప్పి చూపించాలి. సీనియర్ ముందుగా "రెండు రోజులు" అంటే మిగతావాళ్ల నోటికి రెండే వస్తుంది, అందుకని. మా టీమ్‌లో ఒకసారి అందరూ 3 చూపిస్తే ఒక్క కుర్రాడు 13 చూపించాడు. అందరూ నవ్వారు. అతను "ఆ రిపోర్టుకి డేటా మన దగ్గర లేదు, వేరే వెండర్ నెలకోసారి సీడీలో పంపుతాడు" అన్నాడు. ఇక ఎవరూ నవ్వలేదు.


కొత్తగా_చేరా · శనివారం రాత్రి 10:12

సీడీలోనా!! థాంక్స్ పిన్ని గారూ, సోమవారం ప్రయత్నిస్తా.


నిద్రలేని_కోడర్ · సోమవారం రాత్రి 9:55

అయింది మీటింగ్. ఎలా జరిగిందో చెప్పకపోతే మీరు ఊరుకోరు కాబట్టి రాస్తున్నా.

ఆదివారం పాత ప్రాజెక్టు నుంచి నిజంగా పట్టిన రోజులు తీసి పక్కన పెట్టుకున్నా, పోచంపల్లి పెద్దాయన లెక్కలో. లాగిన్ లాంటిది పోయినసారి ఇంత, జాబితా ఎక్కించేది ఇంత అని. వాళ్ల హాస్టల్ పాత రిజిస్టరు ఒకటి వాట్సాప్‌లో తెప్పించుకుని 50 వరుసలు చూశాను. "పై గది, కిటికీ పక్క మంచం" అనేది గది నంబరు గడిలో ఉంది. డేటాకి వరుస పెట్టి 8 రోజులు రాశాను. మధ్యలో నిలువు గీత గీశాను. టీమ్ అంతా ఆన్‌లైన్‌లో కూర్చుని చీట్లు కెమెరాకి చూపించాం, కొంచెం కామెడీగా ఉంది కానీ రెండు పనుల మీద పెద్ద గొడవ అయ్యింది, ఆ రెండూ విడగొట్టాల్సి వచ్చింది.

మేనేజర్ ముందు ఇలా పెట్టాను. హాస్టల్ కేటాయింపు ఒక్కటే ముందు, 7 నుంచి 10 వారాలు. బస్సులు దాని తర్వాత, ఇంకా 4 నుంచి 7 వారాలు. ఎదురుచూపు కాలమ్‌లో ఆరు విషయాలు, ఒక్కోదానికి క్లయింటు వైపు ఎవరు చేయాలో పేరు, ఏ తేదీలోపు. అవి ఒక వారం వెనక్కి జరిగితే మనదీ వారం వెనక్కి జరుగుతుంది అని కింద రాశాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఒక్క అంకె చెప్పలేవా" అన్నారు. నేను చెప్పలేను సార్, మూడు వారాలు పని నడిచాక చెప్తాను అన్నాను. మొదటి చీర దిగాక అన్నమాట. సరే అన్నారు. నేను ఉప్పొంగిపోయి బయటికొచ్చి టీ తాగి వచ్చేసరికి ఆయన క్లయింటుకి పంపిన మెయిల్ చూశాను. "హాస్టల్ మాడ్యూల్ 7 వారాల్లో" అని ఉంది. పది ఏమైందో ఆయనకే తెలియాలి.


రైలుకట్ట · సోమవారం రాత్రి 10:10

అరచేతిలో వైకుంఠం చూపించడం పైవాళ్లకి అలవాటు, ఉద్యోగంలో అదొక భాగం. మరి నువ్వు ఏం చేశావు?


నిద్రలేని_కోడర్ · సోమవారం రాత్రి 10:18

అదే మెయిల్‌కి అందరికీ వెళ్లేలా జవాబు పెట్టాను సార్. "పై 7 వారాలు ఈ ఆరు విషయాలు ఈ తేదీల్లోపు అందితే. అందకపోతే 10 వరకు వెళ్తుంది" అని, జాబితా అతికించి. గుండె దడదడలాడింది. మేనేజర్ ఏమీ అనలేదు, ఒక బొటనవేలు ఎమోజీ పెట్టారు. అది కోపమో కాదో ఇంకా తేలలేదు. అరగంటకి క్లయింటు ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, సంతకం పెట్టే పెద్దాయన మే నెలలో కాశీ వెళ్తున్నారు, కాబట్టి కాగితాలన్నీ ఈ వారమే ఇచ్చేయండి అన్నారు. పోయినసారి ఇది మాకు ఆయన రైలెక్కాక తెలిసేది.


సిమెంటు_బాబాయ్ · సోమవారం రాత్రి 10:40

భేష్. మరి మెసేజ్ టెంప్లేట్లు పంపావా? చుక్క చూసుకున్నావా?


నిద్రలేని_కోడర్ · బుధవారం సాయంత్రం 7:05

మంగళవారం పొద్దున్నే పంపాం బాబాయ్, నాలుగు టెంప్లేట్లు. చుక్కలు నేనొకసారి, పక్కన కుర్రాడొకసారి చూశాం. ఇవాళ మూడు ఓకే అయి వచ్చాయి. ఒకటి తిరిగొచ్చింది. కుడి పక్క ఇంకో 3 రోజులు రాశాను.